గంజి పెట్టిన రెక్కలు

అనంతయ్య పుట్టింది కురుమల ఇంట్లోనే గానీ, గొర్రె ముఖం సరిగ్గా చూసి ఎరగడు. మీసాలు రాకముందే మేనమామ వెంట పట్నం పోయి బేగంపేట విమానాల మైదానంలో పనికి కుదిరాడు. పనంటే మరీ గొప్పదేం కాదు. పొద్దున్నే షెడ్డులోని చిన్న విమానాలను బయటికి తోయాలి, పొట్ట కింద కారిన నూనె తుడవాలి, ముందున్న పంకాను చేత్తో తిప్పి ఇంజను లేపాలి. దొర ఎక్కి కూర్చున్నాక చక్రాల కింది చెక్కలు లాగి పక్కకు తప్పుకోవాలి. విమానం ఎగిరిపోయేది. అనంతయ్య రెండు చెక్కలూ చంకలో పెట్టుకొని, అది మళ్లీ దిగేదాకా మెడ పైకెత్తి చూస్తూ నిలబడేవాడు. అన్నేళ్ల కొలువులో ఒక్కనాడూ ఒక్క దొరా, "నువ్వూ ఎక్కరా" అన్న పాపాన పోలేదు.

చెవులు మాత్రం ఊరికే ఉండలేదు. విమానం నడిపేవాడి కాళ్ల మధ్య ఉండే కర్రను అక్కడ డండా అనేవారు. దాన్ని ఎప్పుడు లాగాలో, ఎప్పుడు నెట్టాలో కొత్తగా నేర్చుకునే నవాబుల పిల్లలకు ఉస్తాదు గొంతు చించుకొని చెప్పేవాడు. ఆ పిల్లలకు అది ఒక చెవిలో పడి ఇంకో చెవిలోంచి పోయేది, రెక్క కింద నిలబడ్డ అనంతయ్యకు మాత్రం వంటబట్టేది. తోక తేలికైందాకా ఆగు. డండాను గుంజకు, బుజ్జగించు. ఇంజను ఆగితే జడుసుకోకు, ముక్కు కిందికి వంచు, గాలే మోసుకొచ్చి దింపుతుంది. ఈ పాఠం అనంతయ్య నిద్రలో కూడా అప్పజెప్పగలడు.

నలభై ఎనిమిదిలో పోలీసు యాక్షన్ వచ్చింది, రాజ్యం మారింది, పై దొరలు మారారు. కింద చెక్కలు లాగేవాళ్లు కూడా మారారు. అనంతయ్య ఒక రేకుపెట్టె పట్టుకొని తాండూరుకూ కరణ్‌కోటకూ మధ్యనున్న తన ఊరికి వచ్చిపడ్డాడు. పెట్టెలో ఒక ఖాకీ నిక్కరు, ఏ దొరో పారేసిపోయిన ఒక చినిగిన ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఉన్నాయి. ఒక్కరు కూర్చునే చిన్న విమానాన్ని కర్రతో, గుడ్డతో, చిన్న ఇంజనుతో ఇంటి దగ్గరే ఎట్లా కట్టుకోవచ్చో అందులో బొమ్మలు వేసి చూపించారు. ఇంగ్లీషు రాదు గదా అని ఎవరైనా అంటే, గాలికి మాత్రం ఇంగ్లీషు వస్తుందా అని అనంతయ్య ఎదురడిగేవాడు.

ఇంట్లో జంగమ్మ ఉంది. పట్నంలో నౌకరి చేసే అల్లుడని మురిసిపోయి ఆమెను అనంతయ్యకిచ్చారు. నౌకరి పోయి మొగుడొచ్చాడు. గొర్రెలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, మామ పోయిన నాటినుంచీ వాటిని మేపేది ఆమే. వచ్చిన వారానికి అనంతయ్య పెళ్లాన్ని కూర్చోబెట్టి తన మనసులో మాట చెప్పాడు. తను గాలిమోటరు కడతాడు, అందులో కూర్చొని ఒక్కసారి, బతుకులో ఒక్కసారి, ఊరి మీదుగా పోయి వస్తాడు. అంతకుమించి తనకేం అక్కర్లేదు. ఇక అసలు సంగతికొచ్చాడు.

"ఒక్క ఏడాది. అప్పటిదాంక గొర్లెంబడి నువ్వు పో."

జంగమ్మ గొంగడి భుజాన వేసుకొని కట్టె పట్టుకొని పోయింది. ఆ ఏడాది పన్నెండేళ్లు సాగింది.

వికారాబాదులోని మిషన్ కాంపౌండులో ఏసుదాసు అని ఒక వడ్రంగి ఉండేవాడు. బడికి బెంచీలు, ఇళ్లకు తలుపులు, పోయినవాళ్లకు పెట్టెలు చేసేవాడు. సికింద్రాబాదులో మిలిటరీవాళ్లు పాత సామాను వేలం వేసినప్పుడు ఇతను కలప కోసం పోయాడు. అక్కడ ఒక నల్లటి మనిషి, విరిగిన విమానంలోంచి ఊడదీసిన చిన్న ఇంజను పక్కన కూర్చొని దాన్ని పసిపిల్లను నిమిరినట్టు నిమురుతున్నాడు. ఆ మనిషి అనంతయ్యే. ఇద్దరూ తిరుగు రైలెక్కేసరికి అన్నదమ్ములైపోయారు. నాలుగు పొట్టేళ్లు ఇంజనైపోయాయి. పొట్టేళ్లు ఎటు పోయాయని జంగమ్మ అడిగితే అనంతయ్య ఇంజను చూపించాడు. ఆమె ఒక్కసారి దాని చుట్టూ తిరిగి చూసి, ఇది ఉన్ని ఇయ్యదు గదా అని మాత్రం అంది.

ఏసుదాసు మంచి పనివాడే. మొట్టమొదట అనంతయ్యను గోడకు నిలబెట్టి, భుజం నుంచి భుజానికి, నడుము నుంచి మోకాలికి తాడు పెట్టి కొలిచి, దానికి సరిపోయేలా కూర్చునే చోటు కట్టాడు. ఒక్కసారే కొలిచాడు. ఎవరినైనా అతను ఒక్కసారే కొలుస్తాడు, ఎందుకంటే అతను కొలిచినవాళ్లు ఆ తర్వాత పెరిగింది లేదు.

ఆదివారం గుళ్లో ప్రార్థన అయ్యాక ఏసుదాసు వారమంతా చెక్కిన ముక్కలు పట్టుకొని మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కేవాడు. ఆ లైన్లో అతని వృత్తి తెలియనివాడు లేడు. పొడుగాటి సన్నని చెక్కలు గుడ్డలో చుట్టుకొని ఎక్కితే జనం గబగబా లేచి జరిగేవారు, కొందరు చెంపలేసుకునేవారు. బెంచీ మొత్తం అతనిదే. టిక్కెట్ల బాబు కూడా ఆ మూటకు చార్జీ అడగడానికి నోరు రాక, ఎవరు పోయారని మెల్లగా అడిగేవాడు. ఏసుదాసు అబద్ధమాడేవాడు కాదు, పైకి పోయేవానిదే అని ఊరుకునేవాడు.

గొర్రెల కొట్టం గాలిమోటరుకు పోయింది. గొర్రెలు బయట దొడ్లోకి పోయాయి. కర్ర చట్రం లేచింది, దానికి కోరా గుడ్డ తొడిగారు. అక్కడొచ్చింది చిక్కు. గుడ్డ బిగిసి ఉండాలంటే దాని మీద ఏదో ఘాటు వాసన మందు పూయాలి. బేగంపేటలో అది డబ్బాల కొద్దీ ఉండేది, తాండూరు బజారులో దాని పేరు చెబితే నవ్వారు. మొగాళ్లిద్దరూ తలలు పట్టుకొని కూర్చున్నారు. సాయంత్రం గొర్రెలు తోలుకొచ్చిన జంగమ్మ వాళ్లను చూసి, గొంగడికి పెట్టినట్టు గంజి పెడితే పోలా అంది. గొంగడి నేసేవాళ్లు ఉన్ని దారాలకు చింతగింజల గంజి పూస్తారు. గింజలు వేయించి, నానబెట్టి, రుబ్బి, ఉడికించి, కుంచెతో పూసి ఎండబెడితే గొంగడి అట్టలా నిలుస్తుంది. ఆమే వండింది, ఆమే పూసింది. ఎండాక ఏసుదాసు వేలితో కొడితే రెక్క డప్పులా మోగింది. అనంతయ్యకు ఆ రోజు నేల మీద కాలు నిలవలేదు. ఇదంతా తన బుర్రలో ఎప్పటినుంచో ఉన్నదేనని వచ్చిన వాళ్లందరికీ చెప్పాడు.

మర్నాడు జంగమ్మ కొట్టం వాకిలికి అడ్డంగా తుమ్మకంప కొట్టుకొచ్చి పెట్టింది. లోపలికి పోవాలన్నా రావాలన్నా కంప జరపాలి, మళ్లీ పెట్టాలి. అనంతయ్యకు ముళ్లు గుచ్చుకొని ప్రాణం విసిగేది. పెళ్లానికి గాలిమోటరు మీద కంటగింపు అనుకున్నాడు, నోరుచేశాడు. పొద్దున అతను కంప తీసి పారేస్తే సాయంత్రానికి అది మళ్లీ వాకిట్లో ఉండేది.

గంజిలో ఒకటే లోపం. వానాకాలం వస్తే చెమ్మకు గుడ్డ వదులయ్యేది. వానలు పోగానే జంగమ్మ ఇంకో పూత పూసేది. రెక్క మళ్లీ డప్పు. ఏటా ఇంజనులో ఏదో ఒకటి కుదరకపోవడం, పంకా కర్రకు నెర్రె రావడం, ఇంతలో వానలు పడటం, ఇంకో పూత. ఇట్లా పూత మీద పూత పడి రెక్కలు దిట్టమయ్యాయి.

రెక్కలకు తోడు అనంతయ్య కూడా దిట్టమయ్యాడు. గాలిమోటరు చూడటానికి నవాబుపేట నుంచి, దౌల్తాబాద్ నుంచి జనం బండ్లు కట్టుకొని వచ్చేవారు. ఉత్త చేతులతో ఎవరూ రారు గదా. కల్లు వచ్చేది, వేయించిన మాంసం వచ్చేది. అనంతయ్య పీట మీద కూర్చొని, కాళ్ల మధ్య ఒక కర్ర పట్టుకొని, ఎట్లా లేవాలో, ఎట్లా దిగాలో రోజూ పొద్దు గూకే వేళ పాఠం చెప్పేవాడు. తోక తేలికైందాకా ఆగు, డండాను గుంజకు, బుజ్జగించు. వింటున్నవాళ్లు నోళ్లు వెళ్లబెట్టేవారు. పక్కన పొయ్యి దగ్గర జంగమ్మ రొట్టెలు కొట్టేది. పన్నెండేళ్లు కూర్చొని అతను బస్తాలా తయారైతే, పన్నెండేళ్లు నడిచి ఆమె తాకితే విరిగేటట్టు సన్నబడింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని తింటున్నా అది అనంతయ్య కంటికి ఆనలేదు.

అరవై ఒకటిలో, కందులు కోసిన తర్వాత, గాలిమోటరు సిద్ధమైంది. కరణ్‌కోట దారిలో బాల్‌రాజ్ అనే కాంట్రాక్టరుకు బండల గని ఉంది. మట్టి ఎత్తేసిన చోట పరుపు బండ తాండూరు రైలు ప్లాట్‌ఫారం కన్నా చదునుగా, ఒక పొలమంత పొడుగున పరిచి ఉంది. ఆదివారాలు పని ఉండదు కాబట్టి వాడుకొమ్మన్నాడు. ఇట్లాంటిది నడపడానికి అనుమతి కావాలేమోనని తాలూకా కచేరీలో అడిగితే, రోడ్డు మీద పోయే బండ్ల కాయిదాలు మాత్రమే చూస్తామని, రోడ్డు మీద లేనిదాని సంగతి తమకు తెలియదని అక్కడి గుమాస్తా చెప్పాడు. అనంతయ్య దాన్నే అనుమతి కింద జమ కట్టుకున్నాడు.

మొదటి ఆదివారం తాండూరు సగం అక్కడే ఉంది. వేరుశనగ బుడ్డలు అమ్మేవాళ్లు కూడా వచ్చారు. రెక్కలు విప్పి ఎడ్లబండి మీద తెచ్చిన గాలిమోటరును బిగించి నిలబెట్టారు. అనంతయ్య ఖాకీ నిక్కరు వేసుకోబోతే అది తొడల దగ్గరే ఆగింది, ధోవతితోనే వచ్చాడు. కూర్చునే చోట్లోకి కూడా అంతే, తొడల దాకా పోయి ఆగాడు. నలుగురు భుజాలు పట్టి కిందికి తొక్కితే గానీ కూర్చోలేకపోయాడు. ఇంజను లేచింది, బండ మీద గాలిమోటరు ఉరికింది. తోక లేచింది. జనం కేకలు వేశారు. చక్రాలు మాత్రం బండను విడవలేదు. ఉరికి ఉరికి చివర కందికొయ్యల్లోకి పోయి ఆగింది. తర్వాతి ఆదివారమూ అంతే. ఆ తర్వాతి ఆదివారానికి జనం తగ్గారు, నవ్వులు పెరిగాయి. ఏసుదాసు అనంతయ్యను తాండూరు గంజ్ మార్కెట్టుకు తీసుకుపోయి కందులు తూచే కాంటా మీద కూర్చోబెట్టాడు. హమాలీలు ఇది ఏ రకం కంది అని అడిగారు. ముల్లు ఒక బస్తా దాటి పక్కకు పోయింది.

"తమ్మీ, రెక్కల తప్పు లేదు, ఇంజను తప్పు లేదు," అన్నాడు ఏసుదాసు. "నేను కొల్చినప్పుడు నువ్వు గింత లేవు."

"మల్ల కొల్వాలె గద ఏసన్నా."

"కొల్చినోల్లను మల్ల కొల్సుడు నాకలవాటు లేదు."

నాలుగో ఆదివారం బరువు తగ్గించడానికి ఏవేం ఊడదీయొచ్చో అన్నీ ఊడదీశారు. కూర్చునే మెత్త తీసేశారు. పెట్రోలు గ్లాసెడు పోశారు. అయినా లేవలేదు. ఏసుదాసు స్వయంగా ఎక్కుదామంటే, అతని భార్య మార్త పట్టుబట్టి బైబిలు మీద చెయ్యి వేయించుకుంది. దేవుడు పిలిచేదాకా నేల విడవనని ఒట్టు పెట్టాడు. అనంతయ్య దిగి చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. పన్నెండేళ్ల పని పదిమంది నవ్వులపాలవుతోంది. అటు పక్క బీట్లో గొర్రెలు మేపుతూ, సద్దిమూట ఇవ్వడానికి వచ్చిన జంగమ్మ కనిపించింది ఏసుదాసుకు. అతను ఆమెను కింది నుంచి పై దాకా చూశాడు, కొలిచినట్టే చూశాడు.

"చెల్లె, జర నువ్వు కూసుంటవా? లేవకున్న మంచిదే."

అనంతయ్య కాదనలేదు. ఎట్లాగూ లేవదని అతని నమ్మకం. తనతో లేవనిది ఆడమనిషితో లేస్తుందా? పైగా లేవకపోతే తప్పు తన ఒంటిది కాదు, గాలిమోటరుదే అని పదిమందికీ తెలుస్తుంది. అందుకే ఒక్క మీట మాత్రం చూపించాడు.

"ఆ కొసకు పోంగనె గిది బంద్ జెయ్యి. ఇంకేం ముట్టకు."

జంగమ్మ గొంగడి తీసి ఏసుదాసు చేతికిచ్చి, కొంగు నడుముకు చుట్టి, చీమ ఎక్కినంత సులువుగా ఎక్కి కూర్చుంది. అనంతయ్య చక్రాల కింది చెక్కలు లాగాడు. గాలిమోటరు ఉరికింది. తోక లేచింది. ఆమె ఆగింది. తర్వాత ఆమె చెయ్యి కదలడం అనంతయ్య చూశాడు. గుంజలేదు, బుజ్జగించింది. చక్రాలకూ బండకూ మధ్య వెలుతురు కనపడింది. ఆ వెలుతురు పెద్దదైంది. గనుల గుంతలు దాటి, కంది చేలు దాటి, తాటిచెట్ల మీదుగా గాలిమోటరు ఒక చుట్టు తిరిగింది.

జనం అరిచారు, ఈలలు వేశారు, కొందరు దండం పెట్టారు. అనంతయ్యకు ముందు భయం వేసింది, ఆమె పడిపోతుందని. ఆ వెంటనే అంతకన్నా పాడు సంగతి ఒకటి గుండెలో కలుక్కుమంది. అది తన చోటు. పన్నెండేళ్లుగా తను కూర్చోవలసిన చోటు. ఇంతలో గ్లాసెడు పెట్రోలు అయిపోయి ఇంజను ఆగింది. ఏసుదాసు కళ్లు మూసుకున్నాడు. పైన ముక్కు మెల్లగా కిందికి వంగింది, గాలే మోసుకొచ్చి గాలిమోటరును కందికొయ్యల్లో దింపింది. ఒక చక్రం ఒరిగింది. జంగమ్మ దిగి, గొంగడి అడిగి తీసుకొని, గొర్రెలు చేలో పడుతున్నాయని అటు నడిచింది.

ఆ తర్వాత ఊళ్లో ఎవరూ దాన్ని అనంతయ్య గాలిమోటరు అనలేదు. జంగమ్మ గాలిమోటరు అయిపోయింది. అనంతయ్య కొన్నాళ్లు అందరితో వాదించాడు. పుస్తకం తనది, ఇంజను తనది, పాఠం తనది, ఆమె ఊరికే కూర్చుందంతే. తర్వాత వాదించడం మానేసి మూతి ముడుచుకున్నాడు. పెళ్లాన్ని ఇంజను వేడెక్కిందా, నూనె చిమ్మిందా అని అడిగాడు. పైన ఎట్లా ఉండిందని మాత్రం అడగలేదు. అడిగితే ఓడిపోయినట్టే అనిపించింది. ఊరి ఆడవాళ్లు చుట్టూ మూగి అదే అడిగితే జంగమ్మ ఒకటే మాట అనేది.

"ఇంటాయనే అడుగుతలేడు, మీకెందుకు?"

ఒంటిని దించుకోవాలని అనంతయ్య ఒక్కపొద్దులు పట్టాడు. పగలు పస్తుండి, దీపాలు పెట్టాక రెండు పూటలదీ కలిపి తినేవాడు. వేపాకు నూరి తాగాడు. వచ్చినవాళ్లు తెచ్చిన మాంసం, మర్యాద కోసమని, కొద్దిగా ముట్టాడు. గంజ్‌లో ముల్లు ఇంకా పక్కకే పోయింది. ఇట్లా కాదని ఒకనాడు పెళ్లాన్నే అడిగాడు, నువ్వు గట్ల సన్నగ ఎట్లయితివి అని. జంగమ్మ మూలనున్న కట్టె తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"గొర్లెంబడి నువ్వు పో. ఒక్క ఏడాది."

ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది అనంతయ్యకు. ఎక్కడ విన్నాడో గుర్తుకు రావడానికి రెండు రోజులు పట్టింది, అప్పటికి అతను కాలినిండా పల్లేరుకాయలతో బీట్లో ఉన్నాడు.

మొదటి నెల అతనికి తల ప్రాణం తోకకొచ్చింది. గొర్రెలకు అతని మాట పట్టలేదు, మేకలు అతన్ని మనిషి కింద లెక్కపెట్టలేదు. చేల యజమానులు తిట్టారు, సరిహద్దు అవతలి కాపరులు కన్నడంలో తిట్టారు. ఎండలకు నీళ్లు వెతుక్కుంటూ దౌల్తాబాద్ వాగు దాకా పోయాడు. వానల్లో గొంగడి కింద ముడుచుకొని మంద పక్కన నిలబడ్డాడు. ఏ మిట్ట ఎక్కినా దాని వెనుక ఇంకో మిట్ట, దాని అవతల ఇంకో బీడు. ఇన్నేళ్లు ఇక్కడే పడి ఉన్నా ఈ నేల ఇంత ఉందని అతనికి తెలియదు. ఇదంతా జంగమ్మ నడిచిందా అని ఒకటి రెండుసార్లు అనిపించింది. ఆ ఆలోచన ఇబ్బందిగా ఉంటే గొర్రెలను అదిలించేవాడు.

ఇంటి దగ్గర జంగమ్మ వేళకు తిని, నీడపట్టున ఉన్ని వడికి, కొద్దిగా ఒళ్లు చేసింది. ఏసుదాసుతో కలిసి గాలిమోటరు చక్రం బాగు చేయించింది. ఏళ్ల తరబడి పేరుకున్న గంజి పూతలన్నీ గీకిపారేసి, కొత్త కోరా గుడ్డ తొడిగి, ఒకే ఒక్క పలచటి పూత పెట్టింది. రెక్కలు మళ్లీ తేలికయ్యాయి. ఏడాది తిరిగేసరికి అనంతయ్య డొక్కలు లెక్కపెట్టొచ్చు. గంజ్‌లో కాంటా ముల్లు బస్తాకు ఎంతో ముందే నిలబడింది, హమాలీలు అతన్ని గుర్తుపట్టలేదు.

అదే సమయంలో బాల్‌రాజ్ కబురు పంపాడు. సోమవారం నుంచి ఆ పరుపు బండను పగలగొట్టి ఎత్తుతున్నారు. ఎగరాలంటే ఈ ఆదివారమే, ఆ తర్వాత అక్కడ గుంతే ఉంటుంది. తాండూరు చుట్టుపక్కల అంత చదును బండ ఇంకోటి లేదు.

శనివారం సాయంత్రం అనంతయ్య మందను తొందరగా మళ్లించుకొచ్చాడు. గొర్రెలు ఇంకా దొడ్లోకి పోతుండగానే ఆగలేక కొట్టం వాకిట్లో కంప లాగి పారేసి లోపలికి పోయాడు. కూర్చునే చోట్లో కూర్చున్నాడు. తొడలు తగల్లేదు, భుజాలు తగల్లేదు. ఏసుదాసు మొదటిరోజు తాడుతో కొలిచిన మనిషి తిరిగొచ్చాడు. డండా పట్టుకొని అక్కడే ఒక చుట్టు ఊరి మీద తిరిగొచ్చాడు. దిగి, రొట్టె తిని, గొర్రెల వెంట తిరిగినవాడికి వచ్చే మొద్దు నిద్ర పోయాడు. ఆ రోజు జంగమ్మ చుట్టాలింట్లో పెళ్లికి తాండూరులో ఉంది, తెల్లారి మొదటి బండికి వస్తానని చెప్పిపోయింది.

తెల్లవారుతుండగా అనంతయ్య లేచి కొట్టంలోకి పోయేసరికి మందంతా అక్కడే ఉంది. గంజి గొర్రెలు నాకాయి, గుడ్డ మేకలు నమిలాయి. రెండు రెక్కల మీదా అరచేతంత గుడ్డ లేదు. సన్నని చెక్కల వరుసలు తిన్నాక మిగిలిన చేప ముళ్లలా ఉన్నాయి. పెద్ద మేకపోతు ఒకటి, మూతికి కోరా గుడ్డ పీలిక వేలాడుతుండగా, అతన్ని చూసి ఇంకేమైనా ఉందా అన్నట్టు అరిచింది.

ఆ వారం ప్రార్థనకు పోకుండా మొదటి రైలుకే వచ్చిన ఏసుదాసు వాకిట్లో ఆగిపోయి, తల మీది టోపీ తీసి, సమాధుల దగ్గర నిలబడినట్టు నిలబడ్డాడు. కాసేపటికి చెక్కలన్నీ బాగానే ఉన్నాయని చెప్పాడు. అతనికి తెలిసిన ఓదార్పు అదొక్కటే. తర్వాత మెల్లగా బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. జంగమ్మ పెళ్లిచీరతోనే వచ్చింది. చూసింది. పక్కకు విసిరేసి ఉన్న కంప చూసింది. అనంతయ్య చక్రం పక్కన నేల మీద చతికిలబడి ఉన్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"కంప గొర్ల కోసరమని ఒక్కనాడన్న జెప్తివా?"

"గంజి వెట్టినదాన్ని గొర్లు నాకుతయని కురుమోల్ల ఇంట్ల పుట్టినోనికి గుడ జెప్పాల్నా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే అనంతయ్యకు తేలికగా ఉండేది. జంగమ్మ చెంగుతో మేకపోతు మూతికున్న పీలిక తీసేసి, వచ్చి అతని పక్కనే కూర్చుంది. రేపు బండ పోతుంది. ఇక ఎగిరేది లేదు. ఆ సంగతి పూర్తిగా లోపలికి దిగాక అనంతయ్య, ఏడాదిగా నోటి దాకా వచ్చి వెనక్కి పోయిన మాట అడిగాడు.

"పైన ఎట్లుండె?"

జంగమ్మ అతని వైపు తిరిగింది.

"అడుగుతవని సూస్తనే ఉన్న," అంది. "ముందుగాల బుగులైంది. ఇంజను బందయినంక మంచిగనిపిచ్చింది. సప్పుడే లేదు. గొర్లు నూగు గింజలు పారవోసినట్లుండె. కింద నువ్వు రెండు చెక్కలు చంకల వెట్టుకొని మీదికి సూసుకుంట నిలవడ్డవు. నాకు పానం గుంజింది."

అనంతయ్య తల వంచుకున్నాడు. ఆమె ఆగి, మళ్లీ అంది.

"గిటు తాండూరు పట్టాలు, గటు దౌల్తాబాదు వాగు. పన్నెండేండ్లు నేను తిరిగిన జాగంత ఒక్క సూపుల వడ్డది. గింతేనా అనుకున్న."

అనంతయ్యకు వాగు దాకా నడిచిన ఎండలు గుర్తొచ్చాయి. మిట్ట వెనుక మిట్ట, పల్లేరుకాయలు, గొంగడి మీద వాన చప్పుడు.

"గింతేం గాదది," అన్నాడు. "మస్తుంటది."

"ఎరుకనే," అంది జంగమ్మ.

బయట ఎండ ఎక్కింది. గొర్రెలు దొడ్డి వాకిట్లో తోసుకుంటున్నాయి. అనంతయ్య లేచి కట్టె అందుకున్నాడు. జంగమ్మ పెళ్లిచీర విప్పి పాతది కట్టుకొని, నాలుగు రొట్టెలు మూట కట్టుకొని, జర ఆగు నేను గుడ వస్తున్న అని వెనకే బయలుదేరింది.